జర్మనీ సాసేజ్: మాంసకృత్తుల కోసం తింటే ఉప్పు, కొవ్వే ఎక్కువ

సికింద్రాబాద్: మన వీధులలో మిరపకాయ బజ్జీల బండికి ఎంత ఆదరణ ఉన్నదో, జర్మనీ వీధులలో సాసేజ్ దుకాణానికి అంత ఆదరణ ఉన్నది. సన్నగా తరిగిన మాంసాన్ని కొవ్వుతో కలిపి, పేగులో కూర్చి తయారుచేసే ఈ పదార్థాన్ని ఆ దేశస్థులు ‘వుర్స్ట్’ అంటారు. కాల్చిన వుర్స్ట్‌ను ముక్కలుగా కోసి, టమాటా సాస్ పోసి, పైన కూరపొడి చల్లి ఇచ్చే ‘కరీవుర్స్ట్’ అక్కడి ప్రజలకు నిత్య పరిచయమైన చిరుతిండి.

ఒకప్పుడు లష్కర్‌లోని దండు బంగళాలకు, లాలాగూడ రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకు ఎక్కువగా తెలిసిన సాసేజ్, నేడు మారేడుపల్లి, తిరుమలగిరి, అల్వాల్ ప్రాంతాల సూపర్ మార్కెట్ల శీతల అరలలోకి చేరింది. ఇక్కడ అమ్ముడవుతున్నవి అత్యధికంగా కోడిమాంసపు సాసేజ్‌లు. మాంసకృత్తులు అందుతాయన్న నమ్మకంతో తల్లిదండ్రులు వీటిని కొని పిల్లల టిఫిన్ డబ్బాలలో పెడుతున్నారు. మరోవైపు ఉన్నత విద్య కొరకు జర్మనీ వెళ్లే మన యువత సంఖ్య పెరుగుతున్నది. 2023-24 శీతాకాలపు సెమిస్టర్‌లో ఆ దేశంలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 49 వేలకు పైగా ఉన్నారు. అక్కడి విదేశీ విద్యార్థులలో మనవారిదే ప్రథమ స్థానం. వారిలో తెలుగువారూ అనేకులు. చలిలో, చేతిలో తక్కువ డబ్బుతో ఉన్న విద్యార్థికి వెంటనే దొరికే వేడి ఆహారం ఈ సాసేజే.

ఇది నిజంగా బలవర్ధకమైన ఆహారమేనా? ఇందులో మాంసకృత్తులెన్ని, ఉప్పెంత, కొవ్వెంత? ఎవరు, ఎంత తినవచ్చు? ఈ విషయాలను పరిశీలిద్దాం.

బెర్లిన్‌లో పుట్టిన చిరుతిండి

సాసేజ్ జర్మనీకి ఎంతో పాతది. థురింజియా ప్రాంతంలోని ఆర్న్‌స్టాట్ పట్టణంలో 1404 నాటి లెక్కల పత్రంలోనే బ్రాట్‌వుర్స్ట్ కొరకు పేగులు కొన్న ఖర్చు నమోదై ఉన్నది. న్యూరెంబర్గ్ నగరపు బ్రాట్‌వుర్స్ట్ చిన్నది. పొడవు 7 నుంచి 9 సెంటీమీటర్లు, బరువు 20 నుంచి 25 గ్రాములు మాత్రమే. ఆ కొలతలు తప్పితే ఆ పేరుతో అమ్మరాదు. మన తిరుపతి లడ్డూకు భౌగోళిక గుర్తింపు ఉన్నట్లే, న్యూరెంబర్గ్, థురింజియా సాసేజ్‌లకు ఐరోపా సమాఖ్య 2003లో అటువంటి రక్షణ కల్పించింది.

కరీవుర్స్ట్ మాత్రం ఇటీవలిదే. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ రాజధాని బెర్లిన్‌ను నాలుగు విజేత దేశాలు పంచుకున్నాయి. నగరంలోని షార్లొటెన్‌బర్గ్ ప్రాంతం బ్రిటిష్ సేనల అధీనంలో ఉండేది. అక్కడ చిరుతిళ్ల దుకాణం నడిపిన హెర్టా హాయ్వర్ అనే మహిళ 1949 సెప్టెంబరు 4న టమాటా, కూరపొడి తదితరాలతో ఒక సాస్ కలిపి, వేయించిన సాసేజ్‌పై పోసి అమ్మారన్నది అత్యధికులు అంగీకరించే కథనం. ఆ సాస్‌కు ఆమె ‘చిల్లప్’ అని పేరు పెట్టి 1959లో వాణిజ్య చిహ్నంగా నమోదు చేయించారు. 1999లో ఆమె మరణించారు. ఆమె దుకాణం ఉండిన చోట 2003లో స్మారక ఫలకం ఏర్పాటైంది. హాంబర్గ్ వాసులు మాత్రం ఈ వంటకం తమ ఊరిదేనని వాదిస్తారు.

ఈ తిండిపై జర్మన్లకు ఉన్న మమకారానికి ఒక ఉదాహరణ చాలు. కార్ల తయారీ సంస్థ ఫోక్స్‌వాగన్ 1973 నుంచి తన సొంత సాసేజ్‌ను తయారుచేస్తున్నది. దానికి కారు విడిభాగానికి ఉన్నట్లే ఒక సంఖ్య కూడా ఉన్నది. 2021లో వోల్ఫ్స్‌బర్గ్‌లోని ఒక భోజనశాలలో మాంసాహారాన్ని నిలిపివేసి కరీవుర్స్ట్‌ను తొలగించగా, మాజీ ఛాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. 2023లో సంస్థ దానిని తిరిగి వడ్డించింది.

కూరపొడి మన వైపుదే

కరీవుర్స్ట్‌లోని ‘కరీ’ దక్షిణ భారతదేశం నుంచి వెళ్లిన మాటే. మన ఇళ్లలో ఏ కూరకు ఆ పొడి విడిగా దంచుకోవడం అలవాటు. భారతదేశంలో ఉద్యోగాలు చేసి స్వదేశానికి తిరిగి వెళ్లిన ఆంగ్లేయులు ఆ రుచిని వదులుకోలేక, పసుపు, ధనియాలు, జీలకర్ర, మెంతులు, మిరపకాయలు కలిపి అన్ని కూరలకూ ఒకే పొడిగా చేసుకున్నారు. 1784 నాటికే లండన్‌లో కూరపొడి అమ్మకానికి ప్రకటన వెలువడింది.

మూడవ నిజాం సికందర్ జా పేరిట 1806లో ఏర్పడిన సికింద్రాబాద్ వంటి దండు పట్టణాలలో ఆంగ్ల సైనికులు తరతరాలుగా నివసించారు. కూరపొడి రుచి బ్రిటిష్ సైన్యానికి, ఆ దేశపు వంటిళ్లకు అలవడినది ఇటువంటి చోట్ల నుంచే. అదే రుచి వారితో పాటు బెర్లిన్ చేరి, అక్కడి సాసేజ్‌తో కలిసింది. అయితే పైన చల్లే చిటికెడు పొడిలోని పసుపు వలన ఆరోగ్య ప్రయోజనం కలుగుతుందని ఆశించరాదు. ఆ పరిమాణంలో అది రంగు, రుచి కొరకు మాత్రమే.

తయారీలోనే ఉన్నది కిటుకు

సాసేజ్ పోషక విలువ తెలియాలంటే దాని తయారీ తెలియాలి. సాసేజ్ అంటే ఒట్టి కైమా కాదు. కొవ్వు లేని మాంసం, విడిగా తీసిన గట్టి కొవ్వు, మంచు ముక్కలు, ఉప్పు, మసాలాలు కలిపి యంత్రంలో మెత్తగా రుబ్బుతారు. ఉప్పు తగిలినప్పుడు మాంసంలోని మయోసిన్ అనే మాంసకృత్తు కరిగి జిగురుగా మారుతుంది. ఆ జిగురు కొవ్వును, నీటిని పట్టి ఉంచుతుంది. గారెల పిండి రుబ్బేటప్పుడు చల్లని నీరు చిలకరిస్తూ పిండిని తేలికగా, జిగురుగా తెచ్చుకున్నట్లే ఇక్కడ మంచును వాడతారు. రుబ్బేటప్పుడు పుట్టే వేడికి కొవ్వు కరిగితే సాసేజ్ విరిగిపోతుంది.

ఇలా సిద్ధమైన ముద్దను శుభ్రపరచిన మేక, గొర్రె లేదా పంది పేగులో గాని, కృత్రిమ తొడుగులో గాని కూర్చుతారు. సుమారు 70 నుంచి 75 డిగ్రీల వేడి నీటిలో ఉడికిస్తారు. కొన్నింటికి పొగ పట్టిస్తారు. యుద్ధానంతర బెర్లిన్‌లో పేగుల కొరత ఏర్పడినందున తొడుగు లేని సాసేజ్ కూడా వాడుకలోకి వచ్చింది. నేటికీ బెర్లిన్ దుకాణదారు తొడుగు ఉన్నది కావాలా, లేనిది కావాలా అని అడగడం పరిపాటి.

ఈ తయారీ నుంచి రెండు విషయాలు స్పష్టమవుతున్నాయి. మొదటిది, కొవ్వు అందులో అనుకోకుండా చేరినది కాదు, కావాలని కలిపినది. రెండవది, ఉప్పు రుచికి మాత్రమే గాక ముద్ద విడిపోకుండా ఉండటానికి కూడా అవసరం. కనుకనే దానిని బాగా తగ్గించడం కష్టం. నగర శివారులోని చెంగిచర్లలో ఉన్న జాతీయ మాంస పరిశోధన సంస్థ 1999లో ఏర్పడింది. సాసేజ్, నగ్గెట్ల వంటి మాంస ఉత్పత్తుల తయారీపై అక్కడ ఔత్సాహికులకు శిక్షణ ఇస్తారు.

పోషకాల లెక్క ఇదీ

వండిన పంది మాంసపు బ్రాట్‌వుర్స్ట్ 100 గ్రాములలో సుమారు 330 కెలోరీల శక్తి, 14 గ్రాముల మాంసకృత్తులు, 29 గ్రాముల కొవ్వు, 850 మిల్లీగ్రాముల సోడియం ఉంటాయి. పిండి పదార్థం 3 గ్రాములకు మించదు. పీచు పదార్థం లేనట్లే. ఒక గ్రాము కొవ్వు 9 కెలోరీలు ఇస్తుంది. ఆ లెక్కన ఈ సాసేజ్ ఇచ్చే శక్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా కొవ్వు నుంచి వచ్చేదే.

దుకాణంలో ఇచ్చే ఒక సాసేజ్ 150 గ్రాములు ఉన్నదనుకుంటే 500 కెలోరీలు, 44 గ్రాముల కొవ్వు అందుతాయి. సాస్‌లోని చక్కెర, పక్కన పెట్టే వేయించిన బంగాళాదుంప ముక్కలు దీనికి అదనం. అంతా కలిపితే అది చిరుతిండి కాదు, ఒక పూట భోజనాన్ని మించిన శక్తి.

మన దుకాణాలలో దొరికే కోడిమాంసపు సాసేజ్‌లో కొవ్వు కొంత తక్కువ. ఫ్రాంక్‌ఫర్టర్ తరహా కోడి సాసేజ్ 100 గ్రాములలో సుమారు 220 కెలోరీలు, 15 గ్రాముల మాంసకృత్తులు, 16 గ్రాముల కొవ్వు ఉంటాయి. అయితే సోడియం మాత్రం తక్కువ కాదు, సుమారు 1000 మిల్లీగ్రాములు ఉంటుంది. తయారీదారును బట్టి ఈ అంకెలు మారుతాయి.

సాసేజ్‌లో మేలు చేసేవీ లేకపోలేదు. మాంసకృత్తుల నాణ్యత మంచిది. మొక్కల నుంచి వచ్చే ఆహారంలో సహజంగా దొరకని బి12 విటమిన్, శరీరం సులభంగా గ్రహించే ఇనుము, జింకు ఉన్నాయి. పంది మాంసంలో థయమిన్ అనబడే బి1 విటమిన్ సమృద్ధిగా ఉంటుంది. ఈ విటమిన్ లోపం వలన వచ్చేదే బెరిబెరి వ్యాధి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పుట్టుక కూడా ఆ వ్యాధితోనే ముడిపడి ఉన్నది. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన కొరకు రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న విభాగమే ఎదిగి, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్నది.

కందిపప్పుతో పోలిస్తే..

జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలు 528 పదార్థాల విలువలను తెలుపుతున్నాయి. వాటి ప్రకారం 100 గ్రాముల కందిపప్పులో దాదాపు 22 గ్రాముల మాంసకృత్తులు, 330 కెలోరీలు ఉన్నాయి. అనగా శక్తి విషయంలో 100 గ్రాముల బ్రాట్‌వుర్స్ట్‌కు, 100 గ్రాముల పచ్చి కందిపప్పుకు తేడా లేదు. మాంసకృత్తులు మాత్రం పప్పులోనే ఎక్కువ. పైగా పప్పులో పీచు ఉన్నది, కొవ్వు స్వల్పం. వండేటప్పుడు మనం వేసేదే ఉప్పు.

ప్రతి 100 కెలోరీలకు ఎన్ని మాంసకృత్తులు వస్తాయో చూసినా ఇదే తేలుతుంది. బ్రాట్‌వుర్స్ట్‌లో 4 గ్రాములు, కందిపప్పులో ఆరున్నర గ్రాములు, కోడిగుడ్డులో 8 నుంచి 9 గ్రాములు, చర్మం తీసిన కోడి రొమ్ము మాంసంలో దాదాపు 20 గ్రాములు. పప్పులోని మాంసకృత్తులు ఒంటరిగా సంపూర్ణమైనవి కావు. అన్నంతో గాని, జొన్న రొట్టెతో గాని కలిపి తిన్నప్పుడు ఆ లోపం చాలావరకు తీరుతుంది. మన పూర్వులు పప్పన్నానికి ఇచ్చిన స్థానం వృథా కాదు.

ఆరోగ్యవంతుడైన పెద్ద మనిషికి శరీర బరువు కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు సరిపోతాయని భారతీయ వైద్య పరిశోధన మండలి 2020లో సిఫారసు చేసింది. 60 కిలోల వ్యక్తికి ఇది 50 గ్రాములు. పప్పు, పెరుగు, గుడ్డు, అప్పుడప్పుడు తాజా చేప లేదా మాంసంతో ఈ అవసరం తీరుతుంది. సాసేజ్‌లతోనే తీర్చుకోవాలంటే రోజుకు దాదాపు 360 గ్రాముల బ్రాట్‌వుర్స్ట్ తినాలి. దానితో పాటు 100 గ్రాములకు పైగా కొవ్వు, దాదాపు 8 గ్రాముల ఉప్పు కడుపులోకి చేరుతాయి.

అసలు సమస్య ఉప్పు

రోజుకు 5 గ్రాముల ఉప్పు, అనగా 2000 మిల్లీగ్రాముల సోడియం మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా ఉప్పుకు ఇదే పరిమితి విధించాయి. ఉప్పు, చక్కెర, కొవ్వు అధికంగా ఉండి, అతిగా శుద్ధిచేసిన ఆహారాన్ని తగ్గించాలని సూచించాయి. దేశంలోని మొత్తం వ్యాధి భారంలో 56.4 శాతం అనారోగ్యకరమైన ఆహారం వలన కలుగుతున్నదే అని ఆ సందర్భంలో అంచనా వేశారు.

సోడియంను ఉప్పుగా మార్చాలంటే రెండున్నరతో హెచ్చించాలి. 50 గ్రాముల కోడి సాసేజ్ రెండు తిన్న పిల్లవాడికి సుమారు 1000 మిల్లీగ్రాముల సోడియం, అనగా రెండున్నర గ్రాముల ఉప్పు చేరుతుంది. పెద్దలకు రోజంతటికీ నిర్ణయించిన దానిలో ఇది సగం. పిల్లలకు పరిమితి ఇంకా తక్కువ. ఆ రోజు తినే పచ్చడి, అప్పడం, సాంబారు, చిప్స్ లెక్క ఇంకా మిగిలే ఉన్నది. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు సాసేజ్‌కు దూరంగా ఉండటమే శ్రేయస్కరం.

నైట్రైట్ ఎందుకు కలుపుతారు?

ఫ్రాంక్‌ఫర్టర్ వంటి సాసేజ్‌లు ఉడికిన తరువాత కూడా గులాబీ రంగులో ఉంటాయి. ఇంట్లో వండిన మాంసం ఆ రంగులో ఉండదు. దీనికి కారణం సోడియం నైట్రైట్ అనే లవణం. రంగు ఒక్కటే దీని ప్రయోజనం కాదు. దీని వెనుక ప్రాణాపాయపు చరిత్ర ఉన్నది.

19వ శతాబ్దం ఆరంభంలో జర్మనీలోని వుర్టెంబర్గ్ ప్రాంతంలో సాసేజ్‌లు తిన్నవారు కొందరు చూపు మసకబారి, మింగలేక, ఊపిరి ఆడక మరణించారు. యుస్టినుస్ కెర్నర్ అనే వైద్యుడు ఈ వ్యాధిపై పరిశోధించి, 1822లో 155 మంది రోగుల వివరాలతో గ్రంథం ప్రచురించారు. సాసేజ్‌లో పుట్టిన విషమే దీనికి కారణమని గుర్తించి, దానిని తనపైనే ప్రయోగించుకున్నారు. లాటిన్ భాషలో ‘బొటులుస్’ అంటే సాసేజ్. దాని నుంచే ఈ వ్యాధికి బొటులిజం అనే పేరు వచ్చింది. గాలి తగలని చోట పెరిగే సూక్ష్మజీవి ఈ విషాన్ని పుట్టిస్తుందని బెల్జియం శాస్త్రవేత్త ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ 1897లో నిరూపించారు. గట్టిగా కూర్చిన పేగు లోపల గాలి ఆడదు. కనుక ఆ సూక్ష్మజీవికి అది అనువైన స్థలం. నైట్రైట్ ఆ పెరుగుదలను అడ్డుకుంటుంది.

అయితే నైట్రైట్ మాంసంలోని ఇతర పదార్థాలతో కలిసి, అధిక వేడి మీద గాని, కడుపులో గాని నైట్రోసమైన్‌లు అనే హానికర రసాయనాలుగా మారగలదు. ఒక ప్రమాదాన్ని ఆపే మందు మరొక ప్రమాదానికి దారి తీయగలదన్నమాట. అందుకే ఎంత కలపవచ్చో ప్రభుత్వాలు పరిమితి నిర్ణయించాయి.

క్యాన్సర్ హెచ్చరిక అర్థమేమిటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015 అక్టోబరులో శుద్ధిచేసిన మాంసాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. 10 దేశాలకు చెందిన 22 మంది నిపుణులు పరిశోధనలను సమీక్షించి ఈ నిర్ణయం తీసుకున్నారు. రోజూ 50 గ్రాముల చొప్పున తినేవారిలో పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని పేర్కొన్నారు. 50 గ్రాములంటే సుమారు ఒక సాసేజ్.

పొగాకు కూడా ఇదే వర్గంలో ఉన్నందున రెండూ సమానమని కొందరు ప్రచారం చేశారు. అది సరికాదు. వర్గీకరణ సాక్ష్యం ఎంత బలంగా ఉన్నదో చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. 18 శాతం అన్న అంకెను కూడా సరిగా అర్థం చేసుకోవాలి. ఉదాహరణకు ఒక వ్యాధి 100 మందిలో ఐదుగురికి వచ్చేది అనుకుంటే, 18 శాతం పెరుగుదలతో అది దాదాపు ఆరుగురికి వస్తుంది. భయపడి పరుగెత్తవలసినంత కాదు గాని, రోజువారీ అలవాటు చేసుకోదగినదీ కాదు. ఏనాడో ఒకసారి తిన్నందున కలిగే ముప్పు స్వల్పం.

సాసేజ్‌కు పేరుపొందిన జర్మనీయే ఈ విషయంలో వెనక్కు తగ్గుతున్నది. మాంసం, సాసేజ్ కలిపి వారానికి 300 గ్రాములు మించరాదని ఆ దేశపు పోషకాహార సంఘం 2024లో సిఫారసు చేసింది. అంతకు పూర్వం ఈ పరిమితి 300 నుంచి 600 గ్రాములుగా ఉండేది.

మన ఒట్టి తునకల మాటేమిటి?

మాంసాన్ని నిల్వ చేసే విద్య జర్మన్లకే సొంతం కాదు. తెలంగాణ పల్లెలలో ఒక జీవాన్ని కోసినప్పుడు మిగిలిన మాంసాన్ని పొడవుగా చీల్చి, ఉప్పు, పసుపు పట్టించి, దండెంపై ఆరవేసి ఒట్టి తునకలు చేయడం ఉన్నదే. శీతల దేశంలో ఎండ తక్కువ కనుక వారు పొగను, పేగును ఆశ్రయించారు. మనకు ఎండే ఆధారం. గోవాలో పోర్చుగీసువారి ప్రభావంతో పంది మాంసానికి మిరపకాయ, వెనిగర్ పట్టించి చొరీసో అనే సాసేజ్ చేస్తారు. తలకాయ, బోటి, నల్ల సహా ఏదీ పారవేయకుండా వండుకునే మన పద్ధతికి, నెత్తురుతో కూడా సాసేజ్ చేసే జర్మన్ల పద్ధతికి మూలం ఒక్కటే. జీవంలో ఏ భాగమూ వృథా కారాదన్న పేద కుటుంబపు జాగ్రత్త అది.

ఒట్టి తునకలలో నీరు పోయినందున తూకానికి మాంసకృత్తులు ఎక్కువ. విడిగా కొవ్వు కలపరు. అయితే ఉప్పు పట్టించి నిల్వ చేసినది కనుక, నిపుణుల నిర్వచనం ప్రకారం అదీ శుద్ధిచేసిన మాంసం కిందికే వస్తుంది. వండే ముందు వేడి నీటిలో నానబెట్టి ఆ నీటిని పారబోస్తే ఉప్పు కొంత తగ్గుతుంది. మనదైనంత మాత్రాన మితం అవసరం లేదని భావించరాదు.

కొనేటప్పుడు చూడవలసినవి

‘పిండి కొద్దీ రొట్టె’ అన్న సామెత సాసేజ్‌కు చక్కగా వర్తిస్తుంది. పొట్లంపై ముద్రించిన వివరాలు చదవకుండా కొనరాదు.

* పదార్థాల జాబితాలో ఎక్కువ మోతాదులో ఉన్నది ముందు వస్తుంది. మాంసం శాతం ఎంతో చూడాలి. నీరు, పిండి, సోయా, చర్మం ముందు వరుసలో ఉంటే మాంసం తక్కువని గ్రహించాలి.

* 100 గ్రాములకు సోడియం ఎంతో చూసి, రెండున్నరతో హెచ్చించి ఉప్పు లెక్క కట్టాలి.

* ఐఎన్‌ఎస్ 250 అని ఉంటే సోడియం నైట్రైట్ కలిపారని అర్థం.

* కొవ్వు అంకె మాంసకృత్తుల అంకెను మించి ఉంటే, దానిని మాంసకృత్తుల ఆహారంగా భావించరాదు.

* శాకాహార సాసేజ్ అని రాసి ఉన్నా ఉప్పు చూడవలసిందే. సోయాతో చేసినవాటిలోనూ ఉప్పు ఎక్కువగానే ఉండవచ్చు.

జర్మనీ వెళ్లే విద్యార్థులకు

మత విశ్వాసాల వలన గాని, అలవాటు వలన గాని కొన్ని మాంసాలు తినని విద్యార్థులు నాలుగు జర్మన్ మాటలు నేర్చుకొని వెళ్లడం మేలు. ‘ష్వైన్’ అంటే పంది, ‘రిండ్’ అంటే గొడ్డు మాంసం, ‘కాల్బ్’ అంటే లేగదూడ మాంసం, ‘గెఫ్ల్యూగెల్’ అంటే కోడి వంటి పక్షుల మాంసం. ‘స్పెక్’ అన్న మాట కనిపిస్తే అది పంది కొవ్వు. పేరులో కోడి ఉన్నా పంది కొవ్వు కలిసి ఉండే అవకాశం ఉన్నది కనుక పదార్థాల జాబితా చదవాలి. తొడుగు దేనితో చేశారో కూడా అడిగి తెలుసుకోవాలి.

అక్కడి దుకాణాలలో ఎర్ర కందిపప్పు, శనగలు, గుడ్లు, పెరుగు, పాలు దొరుకుతాయి. గదిలో కుక్కర్ ఉన్నవారికి పప్పన్నమే చౌక, అదే బలం. కరీవుర్స్ట్‌ను స్నేహితులతో కలిసి సరదాగా రుచి చూడవచ్చు గాని, రోజూ రాత్రి భోజనంగా మార్చుకోరాదు.

నిల్వలోనూ, వంటలోనూ జాగ్రత్త

వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో శీతల సరఫరా గొలుసు తెగితే సాసేజ్ త్వరగా చెడుతుంది. గడ్డకట్టించినది మైనస్ 18 డిగ్రీల వద్ద ఉండాలి. దుకాణంలో మెత్తబడి, నీరు కారుతున్న పొట్లం కొనరాదు. ఇంట్లో ఒకసారి కరిగించినది తిరిగి గడ్డకట్టించరాదు. కరెంటు ఎక్కువసేపు పోయినప్పుడు ఫ్రిజ్‌లో మెత్తబడి, చల్లదనం కోల్పోయినదానిని పారవేయడమే మంచిది. ఖర్చుకు వెరచి వండి పెడితే వైద్యానికి అంతకు మించి ఖర్చవుతుంది.

ఉడికించి అమ్మినదైనా మళ్లీ లోపలి దాకా పొగలు వచ్చేలా వేడి చేసి తినాలి. గర్భిణులు ఈ నియమాన్ని తప్పక పాటించాలి. పచ్చి పంది మాంసపు సాసేజ్ అయితే లోపల ఎరుపు లేకుండా పూర్తిగా ఉడకాలి. సరిగా ఉడకని పంది మాంసం ద్వారా నులిపురుగులు సోకే ప్రమాదం ఉన్నది. నిప్పులపై నల్లగా మాడ్చరాదు. కొవ్వు నిప్పులపై పడి లేచే పొగలో హానికర రసాయనాలు ఉంటాయి. ముందు నీటిలో ఉడికించి, తరువాత సన్నని సెగపై కొద్ది నూనెతో వేయించడం మేలు.

చిన్న పిల్లలకు పెట్టేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. గుండ్రంగా కోసిన సాసేజ్ ముక్క సరిగ్గా పిల్లల గొంతుకు అడ్డుపడే కొలతలో ఉంటుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకు అటువంటి ముక్కలు ఇవ్వరాదు. పొడవుగా చీల్చి, చిన్న ముక్కలుగా తరిగి మాత్రమే ఇవ్వాలి.

ఎంత తినవచ్చు?

ఆరోగ్యవంతులు నెలకు ఒకటి రెండుసార్లు సాసేజ్ తిన్నందున కీడు లేదు. ఆ రోజు పచ్చడి, అప్పడం మానుకొని, ఉల్లి, క్యాబేజీ, దోసకాయ వంటి కూరగాయలు పక్కన ఉంచుకుంటే మంచిది. వేయించిన బంగాళాదుంపలకు బదులు రొట్టె తీసుకుంటే కొవ్వు తగ్గుతుంది. టిఫిన్ డబ్బాలో రోజూ రెండు సాసేజ్‌లు పెడుతున్న తల్లిదండ్రులు వాటి స్థానంలో రెండు ఉడికించిన గుడ్లు పెడితే దాదాపు 12 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. ఉప్పు అందులో నాలుగో వంతు కూడా ఉండదు. గుడ్డు తినని ఇళ్లలో ఉడికించిన శనగలు, పల్లీలు, పెసరట్టు ఉండనే ఉన్నాయి.